పూడిపోయిన హిమానీ సరస్సు: లోతు ఎలా తేల్చాలి, బోరు ఎక్కడ వేయాలి?

హిమరేఖ:

అందరికీ నమస్కారం. జియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని హిమాలయాల్లో ఎత్తయిన ఒక లోయలో. రెండు పక్కలా నిటారు రాతి గోడలు, నడుమ బల్లపరుపు నేల. పొడవు రెండు కిలోమీటర్లు ఉంటుంది, వెడల్పు అర కిలోమీటరు. ఏరు ఆ చదును మీద పాయలు పాయలుగా చీలిపోయి, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు తిరుగుతుంది. దిగువన అడ్డంగా మొరైన్ (హిమానీనదం మోసుకొచ్చి వదిలిన రాళ్లూ మట్టీ) గుట్ట ఉంది. దాన్ని కోసుకున్న చోట ఏరు ఒక్కసారిగా కిందికి దూకుతుంది. హిమానీనదం వెనక్కి తగ్గాక ఇక్కడ సరస్సు నిలిచి, తర్వాత ఒండ్రుతో పూడిపోయిందని మా అనుమానం.

మూడు దిశల సీస్మోమీటర్ దొరికితే లోయకి అడ్డంగా ఒక లైన్ మీద నేల సహజ ప్రకంపనాలు రికార్డు చేశాను. హెచ్ బై వీ గ్రాఫులో (నేల పక్కలకి ఊగడాన్ని నిలువు ఊపుతో భాగించగా వచ్చేది) లోయ మధ్యన 1.1 హెర్ట్జ్ దగ్గర చక్కటి పీక్ వచ్చింది. అక్కడి నుంచి పక్కలకి జరిగినా చాలా దూరం అదే 1.1. గోడల దగ్గరికి వెళ్లాకే 3 దాటింది. పూడికలో షియర్ తరంగ (నేలని పక్కలకి ఊపే తరంగం) వేగం సెకనుకి 450 మీటర్లు అనుకుంటే లోతు 100 మీటర్ల పైచిలుకు వస్తోంది. పీక్ కదలలేదు కాబట్టి రాతి అడుగు చదునుగా ఉందని, హిమానీనదం చెక్కిన యు ఆకారం లోయ అంటే ఇలాగే ఉండాలి కదా అని సంబరపడ్డాను. మా గైడ్ గారు మాత్రం ఏమీ అనలేదు, “ఆ 450 ఎక్కడిది?” అని ఒక్క మాట అడిగారు. అప్పటి నుంచి టెన్షన్.

ఇంకో సంగతి. ఒక్క బోరుకే డబ్బుంది, అదీ 40 మీటర్లకి మించదు. మా టీమ్‌లో అందరూ నడిమధ్యలో వేద్దామంటున్నారు. అది సరైన చోటేనా? అసలు ఇది హిమానీ సరస్సే అని, కొండచరియ అడ్డుపడి నిలిచిన సరస్సు కాదని గట్టిగా చెప్పాలంటే ఏం చూపించాలి? వయసు కట్టేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలి?

తరంగం:

మీ గైడ్ గారు సరిగ్గా అడగాల్సిందే అడిగారు. సూత్రం చిన్నదే: పౌనఃపున్యం అంటే వేగాన్ని లోతుకి నాలుగు రెట్లతో భాగించగా వచ్చేది. 1.1 హెర్ట్జ్‌కి వేగం 300 పెడితే లోతు 68 మీటర్లు, 450 పెడితే 102, 600 పెడితే 136. అంటే మీరు కొలిచింది లోతు కాదు, లోతుకీ వేగానికీ ఉన్న నిష్పత్తి. సరస్సు బంకమన్నులో వేగం తక్కువ, అడుగున హిమానీనదం అదిమిపెట్టిన రాళ్లూ మట్టీ కలిసిన ముద్దలో, అంటే టిల్‌లో చాలా ఎక్కువ. పైగా టిల్ గట్టిగా ఉంటే ఆ పీక్ రాతిది కాకుండా టిల్ పైభాగానిదే కావచ్చు. సుత్తి, జియోఫోన్ల (నేల కంపనాన్ని పట్టే చిన్న పరికరాల) వరస దొరికితే ఉపరితల తరంగాల సర్వే చేసి కనీసం పై 20, 30 మీటర్ల వేగమైనా కొలవండి. ఊహించిన అంకె కన్నా అది వెయ్యి రెట్లు నయం.

నాకు అంతకంటే అనుమానంగా ఉన్నది మీరు సంబరపడ్డ విషయమే. పీక్ కదలకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, మీరన్నట్టు అడుగు చదునుగా ఉండటం. రెండోది, లోయ ఇరుకై లోతు ఎక్కువైతే ఒక్కో చోట నేల విడివిడిగా ఊగదు, లోపలి పూడిక మొత్తం ఒకే ముద్దగా ఊగుతుంది. అప్పుడు ఎక్కడ కొలిచినా అదే పౌనఃపున్యం వస్తుంది, దాన్ని బట్టి అక్కడి లోతు చెప్పలేం. బార్, బూషాన్ అనే పరిశోధకులు 1985లోనే లెక్క కట్టి చూపించారు. లోయ ఆకారం, పూడికకీ రాతికీ వేగంలో ఉన్న తేడా ఒక హద్దు దాటితే ఈ పరిస్థితి వస్తుంది. మీ వెడల్పు 500, లోతు 100 అనుకుంటే ఆ హద్దు దగ్గరలోనో, కాస్త పైనో ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో రోన్ లోయ పూడిక ఇలా ఊగడాన్ని నేరుగా కొలిచారు కూడా.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. సీస్మోమీటర్ ఉత్తరం గుర్తుని ఉత్తరానికి కాకుండా లోయ పొడవు దిశకి తిప్పి పెట్టండి. నేలకి సమాంతరంగా ఉన్న రెండు దిశల్నీ కలిపి సగటు తీయకుండా విడివిడిగా చూడండి. గోడ మీద బండరాయిపై ఇంకో పరికరం పెట్టి దానితో పోల్చండి. లోయ వెంబడి ఊగే పీక్ తక్కువ పౌనఃపున్యంలో, అడ్డంగా ఊగే పీక్ కాస్త ఎక్కువలో, రెండూ లైన్ పొడవునా కదలకుండా కనిపిస్తే అది ముద్దగా ఊగడమే. అప్పుడు ఆ సులువు సూత్రం పక్కన పెట్టి లోయ ఆకారంతో మోడల్ కట్టాలి.

రికార్డింగ్ తెల్లవారుజామున చేయండి. మధ్యాహ్నం దాటాక మంచు కరిగి ఏరు పొంగుతుంది, ఆ నీటి హోరు గ్రాఫులోకి వస్తుంది. గాలి కూడా అప్పుడే. పరికరాన్ని చిన్న గుంట తీసి పెట్టి, ఒక్కో చోట అరగంటకి తగ్గకుండా వదిలేయండి.

ఒండ్రు:

తరంగం గారు లోతు సంగతి చూసుకున్నారు. నేను బురద మనిషిని, బురద గురించే చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

ముందు ఆ గుట్ట. “మొరైన్ గుట్ట” అని రాశారు, అది మొరైన్ అని ఎవరు తేల్చారు? దూరం నుంచి చూస్తే కొండచరియ కుప్పా, మొరైనూ ఒకేలా ఉంటాయి. లద్దాఖ్‌లో లామయూరు పసుపు మట్టి దిబ్బలు చూసి అదంతా హిమానీనదం పని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది పాత సరస్సు అడుగు, నిజమే. కానీ నీటిని ఆపింది కొండచరియ. మీ గుట్ట దగ్గరికి వెళ్లి రాళ్లు చూడండి. రాళ్లన్నీ ఒకే రకం, కోసుగా, పగిలిన ముక్కలు ఇంకా ఒకదానికొకటి అతికేలా ఉన్నాయా? అయితే పైన గోడ మీద ఊడిపడిన మచ్చ కోసం వెతకండి. లోయ తలాపున మాత్రమే దొరికే రాతి రకాలు కూడా కలిసి, అంచులు కాస్త అరిగి, కొన్నింటి మీద గీతలు పడి ఉన్నాయా? గుట్ట రెండు చివర్లూ పక్క మొరైన్లతో కలిసి వంపు తిరుగుతున్నాయా? అయితే మొరైనే. హిమానీనదం మీద కొండచరియ పడి, దాన్ని మంచు మోసుకొచ్చిన కేసులు కూడా ఉంటాయి. కాబట్టి ఒక్క ఆనవాలుతో తీర్పు ఇచ్చేయకండి.

ఏరు గుట్టని కోసిన చోట అడుగున ఏముందో కూడా చూడండి. నీళ్లు బండరాయి మీద పారుతుంటే అక్కడ రాతి గడప ఉన్నట్టు. మంచు తన పైతలం వాలుని బట్టి కదులుతుంది కాబట్టి అడుగున ఎదురెక్కి కూడా పోగలదు, దారిలో గుంతలు తవ్వగలదు. ఏటికి అది చేతకాదు. గడప ఉండి, దాని వెనక రాతి అడుగు గడప కంటే లోతుకి దిగిందని మీ సర్వేలో తేలితే ఆ గుంత తవ్వింది మంచే అని దాదాపు ఒప్పుకోవచ్చు. గుట్టేమిటన్న గొడవ అప్పుడు సగం తగ్గుతుంది.

ఇక మట్టి. బోరు వేసే ముందు ఏటి గట్లన్నీ తిరగండి. గుట్టని కోస్తూ ఏరు దిగిన చోట, వెనక ఉన్న సరస్సు పొరలు కూడా కొంత బయటపడి ఉంటాయి. డబ్బు ఖర్చు లేని కోర్ (బోరులోంచి తీసే నిలువు మట్టి కడ్డీ) అది. పారతో ముఖం శుభ్రంగా చెక్కండి. బూడిద రంగులో సన్నటి పొరలు జంటలు జంటలుగా ఉన్నాయేమో చూడండి. జంటలో ఒకటి కాస్త గరుకు, లేత రంగు. దాని మీదది నున్నగా, ముదురు రంగు. గరుకుది కరుగునీరు తెచ్చిన వేసవి సిల్ట్, నున్నది మంచు కప్పు కింద నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు పేరుకున్న చలికాలపు బంక. చిటికెడు తీసి ముందు పళ్ల మధ్య పెట్టుకోండి. సిల్ట్ కరకరలాడుతుంది, బంకమన్ను వెన్నలా జారిపోతుంది. ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

నాకైతే అన్నింటికంటే ఇష్టమైన సాక్ష్యం ఆ సన్నటి పొరల మధ్య ఒంటరిగా కూర్చున్న రాయి. పిడికెడో, తలకాయంతో ఉంటుంది. దాని కింద పొరలు లోపలికి నొక్కుకుపోయి, కొన్నిచోట్ల తెగి ఉంటాయి. పై పొరలు మాత్రం దాని మీదుగా దుప్పటి కప్పినట్టు సాగిపోతాయి. అంత రాయిని తెచ్చే ప్రవాహం అంత సన్నటి బురదని అక్కడ ఉండనివ్వదు. అది తేలే మంచుగడ్డ నుంచి ఊడి పడింది. అంటే మంచు ఆ నీటిదాకా వచ్చి ఉంది. దొరికితే నాలుగు వైపుల నుంచీ స్కేలుతో ఫొటో తీయండి, తర్వాతే ముట్టుకోండి. ఒక్కటి దొరికితే గోడ మీది నుంచి చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద దొర్లి పడింది కూడా కావచ్చు. పలు పొరల్లో, రకరకాల రాళ్లు దొరికితే వాదన నిలుస్తుంది.

జంటలు లెక్కపెట్టి “ఇన్నేళ్లు” అనే ఆశ చాలామందికి ఉంటుంది. డి గీర్ అనే భూగర్భ శాస్త్రవేత్త స్వీడన్‌లో అలాగే మొదలుపెట్టి పెద్ద కాలక్రమమే కట్టాడు. కానీ కొండ లోయల్లో ఒకే వేసవిలో రెండు మూడు వరదలు వస్తే రెండు మూడు జంటలు పడతాయి. అడుగు కరుకు, పైకి వెళ్లేకొద్దీ సన్నం, పైన పలుచటి బంక పొర మాత్రమే ఉంటే అది వరద తెచ్చినదే అనుకోండి. ఏటా పడిన జంటలో చలికాలపు బంక పొర స్పష్టంగా, విడిగా ఉంటుంది. మన దగ్గర చూడాలంటే ఉత్తరాఖండ్‌లో నీతి లోయలో గోటింగ్, కాళీ లోయలో గర్బ్యాంగ్ సరస్సు నిక్షేపాలు బాగా చదివిన చోట్లు. గర్బ్యాంగ్ ఊరు ఆ పాత సరస్సు మట్టి మీదే ఉంది, అందుకే ఏళ్ల తరబడి కుంగుతోంది.

బోరు సంగతి. నడిమధ్యలో వద్దు. ఎందుకో చెప్తాను. సరస్సు ఒకేసారి పూడదు. పైనుంచి ఏరు తెచ్చిన డెల్టా దిగువకి జరుగుతూ వస్తుంది. ఎగువన ముందు పూడిపోతుంది, దాని మీద ఏరు గులకరాళ్లు పరుస్తూ పోతుంది. చివరిదాకా నీళ్లు నిలిచేది గుట్టకి దగ్గర భాగంలోనే. కాబట్టి సన్నటి పొరలు మందంగా, పైన గులకరాళ్ల కప్పు పలుచగా ఉండేది దిగువ మూడో వంతులో. మధ్యన వేస్తే మీ 40 మీటర్లలో సగం గులకరాళ్లతో కుస్తీకే పోవచ్చు. గుట్టకి మరీ ఆనుకుని కూడా వద్దు, దాని నుంచి జారిన ముద్దలు పొరల్ని కలిపేస్తాయి. పక్క వాగులు విసనకర్రలా పరిచి పోసిన రాళ్ల మేటలు ఎంతవరకు వచ్చాయో చూసుకుని వాటికి దూరంగా ఉండండి. పైకి కనిపించేదాని కంటే అవి లోపల ఇంకా ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి.

సొరంగంపని:

ఒండ్రు గారి చివరి మాటకి, అసలు ఈ పూడిక లోతుకి ఎందుకు ఇంత రాద్ధాంతమో అనుకునేవాళ్లకి ఒక పాత సంగతి. స్విట్జర్లాండ్‌లో లోచ్‌బెర్గ్ రైలు సొరంగం తవ్వుతూ గాస్టెర్న్ లోయ కింద నుంచి పోనిచ్చారు. పైన చదునైన లోయ, కింద గట్టి రాయి ఉంటుందని లెక్క. 1908 జూలై 24న పేలుడు పెట్టగానే రాయి అయిపోయి, నీళ్లతో నిండిన ఇసుక, గులకరాళ్లు సొరంగంలోకి దూసుకొచ్చాయి. 25 మంది కార్మికులు పోయారు. మంచు ఆ లోయని అంచనా కంటే చాలా లోతుగా చెక్కి, ఆ గుంత మొత్తం ఒండ్రుతో నిండి ఉంది. చివరికి ఆ భాగం మూసేసి, సొరంగాన్ని వంపు తిప్పి ఇంకో దారిన తీసుకెళ్లారు. లోయ పైకి చదునుగా కనిపిస్తే లోపల ఎంత లోతో దాన్ని బట్టి ఏమీ తెలియదు.

హిమరేఖ గారూ, గ్రావిటీమీటర్ (గురుత్వంలో చిన్న తేడాల్ని కొలిచే పరికరం) దొరుకుతుందేమో అడగండి. పూడిక రాతి కంటే ఘనసెంటీమీటరుకి 0.4 గ్రాము తేలిక అనుకుంటే, విశాలంగా పరుచుకున్న 100 మీటర్ల మందం గురుత్వాన్ని దాదాపు 1.7 మిల్లీగాల్ (గురుత్వానికి చిన్న కొలమానం) తగ్గిస్తుంది. మీది ఇరుకు లోయ కాబట్టి అంత రాదు, తక్కువ వస్తుంది. ఆ తగ్గుదలని సాపు పలక లెక్కతో లోతుగా మారిస్తే లోతు తక్కువగా తేలుతుంది, లోయ అడ్డకోత ఆకారంతో 2డి మోడల్ కట్టండి. ఎత్తు కొలతలో 10 సెంటీమీటర్ల తప్పు 0.03 మిల్లీగాల్ తెస్తుంది, అది సర్దుకోవచ్చు. పక్కనున్న నిటారు గోడల దిద్దుబాటు సరిగ్గా చేయకపోతే మాత్రం మీ సిగ్నల్ అంతా అందులో కొట్టుకుపోతుంది. లైన్ రెండు చివర్లూ బండరాయి మీద ముగించడం మరవకండి.

తరంగం:

ఒండ్రు గారితో బోరు విషయంలో ఒప్పుకోలేను. హెచ్ బై వీ లైన్ ఉన్నది మధ్యన. బోరు కూడా అక్కడే వేస్తే అందులో వేగం కొలిచి ఆ లైన్ మొత్తాన్నీ సరిచేసుకోవచ్చు. దిగువకి తీసుకెళ్తే ఆ లాభం పోతుంది.

ఒండ్రు:

40 మీటర్ల బోరు మీ 100 మీటర్ల లోతుని ఎక్కడ వేసినా తాకదు కదండీ. రాతి లోతు కోసం ఆ బోరుని వాడుకోవడమంటే అడుగు చూడని బావికి తాడు కొలత చెప్పడమే. ఆ బోరు పనికొచ్చేది పొరల కోసం, వయసు కోసం. వేగం కావాలంటే దిగువ బోరులోనే కొలవండి, దాని పక్కన ఇంకో హెచ్ బై వీ లైన్ వేయండి. ఉపరితల తరంగాల సర్వే రెండు చోట్లా చేస్తే పోల్చుకోవడానికి చాలు.

తరంగం:

సరే, రెండో లైన్ వేసేటట్టయితే నాకు అభ్యంతరం లేదు. బోరు పక్కాగా గుర్తించే ముందు దిగువ భాగంలో లోయ పొడవునా ఒక రెసిస్టివిటీ లైన్ (నేలలోకి కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలిచేది) వేయండి. బంకమన్ను పదుల ఓమ్ మీటర్లలో, గులకరాళ్లు వందల్లో, గ్రానైట్, నైస్ లాంటి గట్టి రాయి అయితే వేలల్లో చూపిస్తుంది. 400 మీటర్ల కేబుల్‌కి 70, 80 మీటర్ల లోతు కనిపిస్తే అదృష్టం. రాయి అందకపోయినా గులకరాళ్ల కప్పు ఎక్కడ పలుచనో చక్కగా తెలుస్తుంది. రాళ్ల మధ్య ఎలక్ట్రోడ్ సరిగ్గా దిగకపోతే తడి బంకమట్టి చుట్టూ మెత్తి ఉప్పునీళ్లు పోయండి. గ్రౌండ్ రాడార్ మాత్రం మోసుకెళ్లకండి, బంకమన్ను తగలగానే అది గుడ్డిదైపోతుంది.

హిమరేఖ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. దిగువన గుట్ట వెనక ఏటి గట్టులో బూడిద రంగు పొరలు చూసిన గుర్తుంది, గట్టు జారుతోందని దగ్గరికి పోలేదు. ఈసారి ముందు అక్కడికే వెళ్తాను.

వయసు గురించి ఇంకొక్కటి అడగాలి. లోయ ఎగువన సున్నపురాయి ఉంది. రేడియోకార్బన్ (మొక్కల అవశేషాల్లోని కార్బన్‌తో వయసు కట్టడం), ఓఎస్ఎల్ (ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో కొలవడం) రెండిట్లో దేన్ని నమ్మాలి? బోరు అడుగున వచ్చిన వయసుని హిమానీనదం తగ్గిన కాలంగా రాయొచ్చా?

ఒండ్రు:

సున్నపురాయి ఉంటే బురద మొత్తాన్ని కాల్చి రేడియోకార్బన్ తీయకండి. రాతిలోంచి కరిగిన పాత కార్బన్ నీటి మొక్కల్లోకి వెళ్తుంది, వయసు ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. కోర్ ముక్కని నీళ్లలో నానబెట్టి సన్నటి జల్లెడ పట్టండి. నేల మీద పెరిగిన మొక్కల ఆకు ముక్కో, గింజో, పుల్లో దొరికితే అదే పంపండి. గోరంత ఉన్నా ఏఎంఎస్‌కి (అతి కొద్ది కార్బన్‌తోనే రేడియోకార్బన్ కొలిచే పద్ధతి) సరిపోతుంది. అంత ఎత్తులో, మంచు పక్కనున్న సరస్సులో అదీ దొరకకపోవచ్చు, అప్పుడు ఓఎస్ఎల్ తప్పదు. దాని గొడవ వేరు. ఇసుక రేణువు ఎండ చూసి పాత సిగ్నల్ పోగొట్టుకున్నాకే గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. పాలలా మురికిగా ఉన్న కరుగునీటిలో కొట్టుకొచ్చిన రేణువుకి ఎండ సరిగ్గా తగలదు, అప్పుడూ వయసు ఎక్కువే వస్తుంది. మంచుకి ఆనుకుని పడిన పొరలు వదిలేసి, డెల్టా ఇసుకలోనో, ఒడ్డున లోతులేని చోట పడిన ఇసుకలోనో తీసుకోండి. హిమాలయాల క్వార్ట్జ్ చాలాచోట్ల సిగ్నల్ బలహీనంగా ఇస్తుంది, ఫెల్డ్‌స్పార్ అనే ఇంకో ఖనిజం మీద కూడా కొలిచే ల్యాబ్‌తో ముందే మాట్లాడుకోండి. ఈ కారణాల వల్ల రెండు పద్ధతులూ ఎక్కువ వైపుకే తప్పుతాయి కాబట్టి, రెండూ కలిశాయని సంబరపడే ముందు పై నుంచి కిందికి వయసులు వరసగా పెరుగుతున్నాయో లేదో చూడండి.

అడుగు వయసు గురించి: మీ బోరు అడుగు, సరస్సు అడుగు కాదు. అది అందుకున్న పొర వయసు మాత్రమే చెప్తుంది, మంచు అప్పటికే వెళ్లిపోయిందని అర్థం, ఎప్పుడు వెళ్లిందో కాదు. “కనీసం ఇన్నేళ్ల కిందట” అనే రాయండి. ఇంకో చిక్కు, ఆ గుంతని తవ్విన హిమానీనదం, చివరిసారి వచ్చిన హిమానీనదం ఒకటే కానక్కర్లేదు. కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయ కింద రాతి అడుగు కొన్నిచోట్ల 600 మీటర్ల దాకా లోతుంది. సీస్మిక్ సర్వేతో అది 1956లో అచ్చయింది. అంత లోతు తవ్వింది పాత, పెద్ద హిమానీనదాలు. చివరి మంచుయుగంలో వచ్చినది చిన్నది, పాత పూడికని పూర్తిగా ఊడ్చేయకుండా దాని మీదుగానే నడిచిందని ఇప్పటి అభిప్రాయం. మీ లోయలోనూ సరస్సు బురద కింద టిల్, ఆ టిల్ కింద ఇంకో పాత సరస్సు బురద ఉండొచ్చు. కోర్‌లో టిల్ తగిలింది కదా, అయిపోయింది అని డ్రిల్లర్‌ని ఆపకండి. మీటర్లు మిగిలుంటే వేయించండి.

గట్టు దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి ఓఎస్ఎల్ గొట్టాలు వెంట తీసుకెళ్లండి. ముఖాన్ని లోపలికి ఒక అడుగైనా చెక్కి, ఎండ చూడని ఇసుక పొరలో గొట్టం పూర్తిగా నిండేలా కొట్టండి. ఖాళీ ఉంటే దారిలో ఇసుక కదిలి, చివర్ల వెలుతురు తగిలిన రేణువులు లోపలివాటితో కలిసిపోతాయి. వెంటనే రెండు చివర్లూ నల్ల టేపుతో మూసేయండి. చుట్టూ ఉన్న మట్టి ఒక సంచీడు విడిగా, గాలి పోకుండా కట్టి తెండి, రేడియేషన్ మోతాదు, తేమ దాంట్లోనే కొలుస్తారు. తేమ అంకె మాత్రం ల్యాబ్ ఇచ్చింది ఇచ్చినట్టు వేసేయకండి. గట్టు ఇప్పుడు ఆరిపోయి ఉంది, ఆ ఇసుక తన జీవితంలో ఎక్కువ కాలం నీళ్లలోనే నానింది. ఇవాళ్టి పొడి అంకె వేస్తే మోతాదు ఎక్కువై, వయసు ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. నీళ్లతో పూర్తిగా నానితే ఎంత పడుతుందో కూడా కొలిపించి, రెండిటి మధ్య అంకెతో పాటు ఎంత అటూ ఇటూ కావచ్చో థీసిస్‌లో రాయండి. జారే గట్టు కింద ఒక్కరే నిలబడకండి, పైన ఒకరిని కాపలా పెట్టుకోండి.